బంతి కింద చెయ్యి
మా అక్క ఇరవై ఏళ్ళుగా రగ్బీ మ్యాచ్‌లకు వీడియో రిఫరీ. ఆమె పక్కన కూర్చుని రీప్లేలు తిప్పే పని నాది. ఆ ఫైనల్లో మా ఊరి కెప్టెన్ బంతితో గీత దాటి పడ్డాడు. బంతి నేలను తాకితే అది ‘ట్రై’, ఆ పాయింట్లతో కప్పు మాదే. ఆరు కెమెరాల్లోనూ చూశాం. బంతి కింద అవతలివాడి చెయ్యి ఉంది.

“ట్రై ఇచ్చెయ్యక్కా, ఊళ్ళో మనల్ని బతకనివ్వరు,” అన్నాను.

“చెయ్యి కనబడుతుంటే నేలను తాకిందని ఎలా అంటానే?” అని, మైకులో “ట్రై కాదు” అంది.

ఊరంతా దుమ్మెత్తిపోసింది. మర్నాడు అక్క ఎప్పటిలాగే కూరగాయలకు బయల్దేరితే నేనూ వెంట వెళ్ళాను. బజార్లో ఆ కెప్టెనే ఎదురొచ్చాడు. నేను అక్క చెయ్యి పట్టుకుని పక్కకు లాగబోయాను.

“బంతి తాకలేదమ్మా. నాకప్పుడే తెలుసు, నోరు పెగల్లేదు,” అన్నాడు, అందరికీ వినబడేలా.

అక్క అతని భుజానికున్న కట్టు చూసి, “నొప్పి తగ్గిందా బాబూ?” అంది.

ఈ మనిషికా నేను చెల్లెల్ని అనుకుంటూ అలా చూస్తూ ఉండిపోయాను.