తినకుండానే పెరిగిన ఒళ్లు

సహోదరులారా, అక్కలారా, మా ఎడపల్లిలో ఇంటి గడప దాటడానికే నేను సిగ్గుపడిన కాలం ఒకటుంది! మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చి, నడి ఎండాకాలంలో కూడా గొంగడి కప్పుకుని వణికేదాన్ని. ఒళ్లు మాత్రం పెరుగుతూనే ఉండేది. ఊరంతా నన్ను తిండిపోతు అన్నారు, ఆ నవ్వులు భరించలేక ప్రార్థన కూటాలకు కూడా రావడం మానేశాను.

నేను చాటుగా బెల్లం తింటున్నానని మా అత్త ఎల్లవ్వ బెల్లం కుండను తన మంచం పక్కకు తెచ్చుకుంది. నేను ఒంటిపూట జొన్న గట్క తాగి బతికాను, అయినా తగ్గలేదు! "ప్రభువా, నేను తింటలేనని నీకెరుకే, మరి గీ ఒళ్లు యాడికెళ్లి అస్తున్నది? గా సంగతన్న నాకు సూపెట్టు" అని ఏడ్చి అడిగాను.

జవాబు మా అత్త నోటి నుంచే వచ్చింది! నన్ను పట్టుకోవాలని పొద్దంతా వెంట తిరిగి, నా ప్రతి ముద్దనూ గమనించి, చివరికి తానే తికమకపడి నా భర్తను పిలిచింది.

"కొడుకా, నా కండ్లార సూసిన, ఇది తింటనే లేదు. ఒంట్లనే ఏదో ఉన్నది. బండి కట్టు, దవఖానకు పోదాం."

నిజామాబాద్ దవఖానలో డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, "నీకు చలి ఎక్కువా?" అని అడిగింది. అంతవరకు ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు, సహోదరులారా! నా గొంతు తడిమి, అక్కడ ఒక చిన్న గ్రంథి ఉంటుందనీ, ఒంట్లో వేడి పుట్టించేది అదేననీ, అది మందగిస్తే తినకపోయినా ఒళ్లు వస్తుందనీ చెప్పింది.

అత్త ఊరుకోలేదు. "లావున్నోళ్లందరికీ గిదేనా అమ్మా?"

"కాదు. కొందరికి తల్లిదండ్రుల నుంచి వస్తుంది, కొందరికి తిండి ఎక్కువై, నడక తక్కువై వస్తుంది. పరీక్షించకుండా ఎవరినీ తిండిపోతు అనకూడదు."

ఇచ్చిన మందేమిటో తెలుసా? గొర్రె గొంతులోని అదే గ్రంథిని ఎండబెట్టి చేసిన మాత్రలు! గొర్రెలు కాసే ఇంట పుట్టిన నాకు, అంత చిన్న ముక్కలో దేవుడు ఏం దాచాడో తెలియనే తెలియదు!

నెమ్మదిగా వాపు తీసింది, గొంతు తేటపడింది, గొంగడి వదిలేశాను. సన్నగా మాత్రం కాలేదు, చూస్తున్నారుగా! మాత్ర రోజూ వేసుకోవాలి, తీపి తగ్గించాను, చెరుకు తోట దాకా నడిచే వెళ్తున్నాను. ఈ రోజు మీ ముందు నిలబడి పాట పాడగలిగాను, దేవునికే మహిమ!

మీలో ఎవరైనా ఒళ్లు చూసుకుని సిగ్గుపడి కుమిలిపోతుంటే, ఎందుకని ప్రభువును అడగండి, ఆయన కోప్పడడు. దవఖానకు ఒంటరిగా వెళ్లడానికి భయమైతే మా అత్తతో చెప్పండి. అదిగో, ముందు వరుసలోనే కూర్చుంది, మీతో తప్పకుండా వస్తుంది.