రమ్ములో అమ్మ బాదం

పాతబస్తీలో విదేశీ పద్ధతిలో రమ్ము కాక్‌టెయిల్ కలిపిన మొదటి మనిషిని నేనే. డెబ్బైల్లో, మొఘల్‌పురా ఇంట్లో. ఓడలో పనిచేసే బావమరిది సెలవు మీద వస్తూ రెండు రకాల రమ్ము తెచ్చాడు. అందులో నిమ్మరసం, బాదం పాకం, పొడికొట్టిన ఐసు పడాలన్నాడు. అమ్మ గుడినుంచి వచ్చేలోపు ముగించాలి. నేను తాగుతానని తెలిస్తే ఆమెకు ముఖం ఎలా చూపించాలన్నదే నా భయం.

బాదం పాకం ఎక్కడిది? అమ్మ రాత్రి తాగే పాలలోకని నా భార్య నూరిపెట్టిన బాదం ముద్దనే చక్కెర నీళ్లలో కలిపేశాను. ఐసు గడ్డను గోనెసంచిలో చుట్టి రోకలితో బాదుతూ, రిక్షా గంట వినిపించిన ప్రతిసారీ వాకిట్లోకి పరుగెత్తాను. పక్కింటాయన గోడ మీదుగా తొంగిచూశాడు.

"ఏం భాయ్, ఇంట్ల షాదీ ఉందా? గింత బరఫ్ కొడుతున్నవ్!"

"బావమరిది వచ్చిండు భాయ్, షర్బత్ చేస్తున్న."

"షర్బత్‌కు గట్ల ఉరుకుడేంది?"

గ్లాసు నోటిదాకా వచ్చిందో లేదో తలుపు గొళ్లెం చప్పుడైంది. ఒక్క గుక్కలో మింగేసి, కళ్లు తిరుగుతుంటే, దగ్గుకుంటూ పెరట్లోకి పోయాను.

మొదటి మనిషినన్నది సాగదీసిన మాటే. కొలిచిందీ కలిపిందీ బావమరిది. నాది బాదం దొంగతనం, ఐసు కొట్టుడు. కానీ అమ్మకు చివరిదాకా తెలియనివ్వలేదు. అది మాత్రం నిజం.

ఇది చదివి వినిపిస్తే నా భార్య నవ్వలేదు.

"ఏంది తెల్వనియ్యంది? బాదం ఏదని అత్త ఆ పొద్దే అడిగింది, నేను ఆ పొద్దే చెప్పిన. నువ్వు సిగ్గుపడతవని ఆమెనే తెల్వనట్టు ఉన్నది."