జనగామలో ఆగిపోయిన పైలట్

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఒక శాలువా. ‘తెలంగాణ కోసం పైలట్ ఉద్యోగాన్నే వదులుకున్నాడు’ అంటూ తొర్రూరులో పదిమంది ముందు కప్పారు. నేనేమీ వదులుకోలేదు. మీకు చెబితే నవ్వుతారేమో. నవ్వండి, పర్వాలేదు.

పైలట్ కావాలంటే ఇంటర్లో లెక్కలు, ఫిజిక్సు ఉండాలని, శిక్షణకు బోలెడు ఖర్చవుతుందని అందరికీ తెలుసు. కళ్లు కూడా పాసవ్వాలని నాకు ఆలస్యంగా తెలిసింది. హైదరాబాదులో వైద్య పరీక్షకు వారం ముందు, ఎందుకైనా మంచిదని హన్మకొండలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. రంగు చుక్కల బొమ్మ చూపించి అందులో అంకె చదవమన్నాడు. నాకు చుక్కలే కనబడ్డాయి. మిరపచేలో పండుకాయ కోయమంటే పచ్చివీ కోసి అమ్మతో ఎందుకు తిట్లు తిన్నానో అప్పుడర్థమైంది. విమానం ఆశ వదులుకోమన్నాడాయన. కానీ అప్పటికే ఊరంతా నన్ను పైలట్ సాబ్ అంటోంది. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

పరీక్ష రోజున ఏమీ ఎరగనట్టు మానుకోటలో హైదరాబాదు రైలెక్కాను. జనగామలో తెలంగాణ కోసం రైల్‌రోకో. పట్టాల మీద ముందు వరుసలో సదానందం, నా చిన్ననాటి దోస్తు, అక్కడే బడిపంతులు. సాయంత్రం దాకా రైలు కదల్లేదు. నా నెత్తిన పాలు పోశారనుకున్నాను. వాడు మాత్రం నన్ను చూసి వాడిపోయిన ముఖంతో వచ్చాడు.

“నీ నౌకరి నేనే ఖరాబు చేసిన గదరా.”

“తెలంగాణ కంటె నౌకరి ఎక్కువనారా?” అన్నాను.

అంత గొప్ప మాట నా నోటికి ఎలా వచ్చింది? ఒక్క మాటతో నా లోపం త్యాగమైంది, వాడి ఉద్యమం నేరమైంది. మళ్లీ పరీక్షకు ఎందుకు పోలేదని అడిగినవాళ్లతో మనసు విరిగిందన్నాను. తర్వాత ఎరువుల దుకాణం పెట్టుకుని సుఖంగానే ఉన్నాను. భూపాలపల్లిలో స్థిరపడిన సదానందమే సుఖంగా లేడని తెలిసీ ఊరుకున్నాను.

మొన్న పదో తరగతి పాసైన వాడి కూతురు ఫోన్ చేసింది.

“పెద్దబాపూ, బాపు నన్ను ఎంపీసీ తీస్కొమ్మంటున్నడు. నేను పైలటైతే నీ రుణం తీర్తదట. నాకేమో పశువుల డాక్టర్ కావాలనున్నది. జర నువ్వన్న చెప్పు.”

నా అబద్ధం ఈ పిల్ల చదువును కూడా పాడుచేయబోతోందా? మరునాడే భూపాలపల్లి బస్సెక్కాను. సదానందాన్ని కూర్చోబెట్టి అంతా చెప్పేశాను.

“నా బిడ్డ బతుకు ఆగం చేస్తుంటివి గదరా,” అని మొదలుపెట్టి, నన్నూ నా కళ్లనూ కలిపి కడిగేశాడు. అన్నేళ్లు నా ముందు తల దించుకుని మాట్లాడిన మనిషి ఆ రోజు నిటారుగా నిలబడి తిట్టాడు. క్షమిస్తానని అనలేదు. నేనూ అడగలేదు. హాయిగా, కడుపునిండా తిట్లు తిని వచ్చాను.