విభాగం బాబాయ్, పన్నెండో షరతు

"కూర్చోవయ్యా! చెత్తబండ్ల మేస్త్రీవి, దీపాల సంగతి నీకేం తెలుసు?"

"నీకు తెలుసా? నువ్వు పంపులు తిప్పేవాడివి!"

"తెలీదు కాబట్టే నేను మాట్లాడట్లేదు. నువ్వూ మాట్లాడకు!"

తలుపు బయట ఈ రభస విని సంఘం కార్యదర్శి గడియారం చూసుకున్నాడు. అయిదు గంటలకల్లా ఒప్పందం మీద సంతకాలు పడకపోతే జీతాల పెంపు లేదని యాజమాన్యం తేల్చేసింది. టైము నాలుగుంబావు. లోపల చూస్తే విభాగం బాబాయ్ లేచి నిలబడ్డాడు.

లోకంలో ఏ సంగతినైనా ముందు ఏ విభాగానిదో తేల్చందే బాబాయ్ ఎవర్నీ మాట్లాడనివ్వడు. ఆ ప్రజాసేవల ఉద్యోగుల సంఘంలో నీళ్ళు, పారిశుద్ధ్యం, ఆసుపత్రులు, గ్రంథాలయాలు, వీధి దీపాలు అని అయిదు విభాగాలు, విభాగానికో ప్రతినిధి. నీళ్ళకి బాబాయ్. ఒకరి గోడు ఇంకొకరు వెళ్ళబోస్తే ఆయనకి ఒళ్ళుమంట. టీ చల్లారిందని ఆసుపత్రుల ప్రతినిధి నర్సు అంటే, "క్యాంటీన్ వాళ్ళని చెప్పనీ" అన్నాడు. కూరలో ఉప్పెక్కువైందా అని ఇంట్లో పిన్ని అడిగితే, "వంట విభాగంలో నేను వేలు పెట్టను" అన్నాడట. నీళ్ళు మాత్రం తన విభాగమే గనక రెండు చెంబులు తాగాడట.

కార్యదర్శి లోపలికెళ్ళి చేతులు జోడించాడు. "బాబాయ్, పన్నెండో షరతొక్కటే మిగిలింది. దీపాల విభాగాన్ని మీ నీళ్ళలో కలిపేస్తారు. వాళ్ళు నలుగురే. బలం పెరిగేది మీకే. సంతకం పెట్టండి."

"నీళ్ళలో కలిపితే దీపాలు ఆరిపోతాయి నాయనా. వాళ్ళ మనిషి మాట్లాడిందా?"

అందరూ మూలకి తిరిగారు. దీపాల ప్రతినిధి చేతితొడుగులు మడతపెడుతూ కూర్చుంది. స్తంభాలెక్కే మనిషి. రెండేళ్ళలో ఈ గదిలో ఆమె ఒక్క మాట పూర్తిచేసింది లేదు. నోరు తెరిస్తే చాలు, బాబాయ్ కసిరేలోపే మిగతాది ఇంకెవరో పూర్తిచేసేవారు.

"ఆవిడ ఉద్దేశం ఏంటంటే..." అన్నాడు లైబ్రేరియన్.

"నీది పుస్తకాల విభాగం. కూర్చో."

"పోనీ నేను..." అన్నాడు మేస్త్రీ.

"కూర్చో!"

"అమ్మా, నేను చెప్పేదేంటంటే..." అన్నాడు కార్యదర్శి.

"నీకసలు విభాగమే లేదు. కూర్చో!"

నాలుగూ నలభై అయింది. కార్యదర్శి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"మమ్మల్ని కలిపితే..." అని ఆమె ఆగింది. ఈసారి ఎవరూ అందుకోలేదు. "స్తంభం దగ్గరికి ఇద్దరం వెళ్ళేవాళ్ళం. ఇక ఒక్కళ్ళే వెళ్ళాలని చివర్లో రాశారు. పైకెక్కితే నా కాళ్ళు వణుకుతాయండీ. కింద నిచ్చెన ఎవరు పట్టుకుంటారు?"

కార్యదర్శి కాగితం లాక్కుని చూశాడు. నిజమే, ఆఖరి వాక్యం అదే. నాలుగుసార్లు చదివాడు తను. కుర్చీలో కూర్చుని పనిచేసేవాడి కంటికి నిచ్చెన ఆనలేదు.

యాజమాన్యానికి ఫోన్ కలిపాడు. "పన్నెండో షరతు కొట్టేయండి. లేదంటే అయిదు విభాగాల్లో ఒక్కటీ సంతకం పెట్టదు." అవతల కేకలు. చెవి మార్చి, మళ్ళీ అదే మాటన్నాడు. అయిదుకి మూడు నిమిషాలుందనగా అవతలివాళ్ళు దిగొచ్చారు.

సంతకాలయ్యాక కార్యదర్శి బాబాయ్ వైపు తేరిపార చూశాడు. రెండేళ్ళుగా ఊరందర్నీ కూర్చోబెడుతున్నది మూలనున్న ఆ ఒక్క మనిషిని లేపడానికా!

బాబాయ్ ఆ చూపు పట్టించుకోలేదు. సమావేశం మినిట్స్ పుస్తకంలోకి తొంగి చూశాడు. 'భద్రతా కారణాల రీత్యా' అని కార్యదర్శి అప్పటికే మొదలుపెట్టాడు.

"అది కొట్టెయ్యి నాయనా," అన్నాడు బాబాయ్ గొంతు తగ్గించి. "ఆ పిల్ల 'నా కాళ్ళు వణుకుతాయండీ' అంది. అలాగే రాయవూ?"