తలుపు తియ్యమన్న మరమనిషి

మొన్న ఆదివారం ఏలూరులో మా మనవరాలు ఫోనులో ఏదో కార్టూను చూస్తూ పడీపడీ నవ్వుతుంటే పక్కన కూర్చున్నాను. అంతరిక్షనౌకలో ఒక మరమనిషి పాత సినిమా హీరోలా చెయ్యి తిప్పుతూ మాట్లాడుతున్నాడు. ఎక్కడ ఎవరిని వెక్కిరిస్తున్నారో ఆ పిల్ల నాకు ఓపిగ్గా విడమరిచి చెబుతుంటే, అలాంటివి రాయడమే ఒకప్పుడు నా ఉద్యోగమన్న సంగతి గుర్తొచ్చింది.

డిగ్రీ అయిన కొత్తలో తాడేపల్లిగూడెంలో ఒక కేబుల్ చానల్ వాళ్ళు విదేశీ అంతరిక్ష కార్టూను ఒకదాన్ని తెలుగులోకి మారుస్తూ మాటలు రాసే పని నాకిచ్చారు. అందులోని హాస్యమంతా వాళ్ళ సినిమాల మీదా, పాటల మీదా. మనవాళ్ళకి ఒక్కటీ అర్థమయ్యేది కాదు. అందుకని గ్రహాంతరాల రాజు చేత నాటకాల పద్యం పాడించేదాన్ని, రాకెట్టు బయల్దేరే ముందు బస్టాండు మైకు ధోరణిలో ప్రకటన చెప్పించేదాన్ని. మిమిక్రీ చేసే మా చిన్న మావయ్య మరమనిషికి గొంతు ఇచ్చేవాడు.

ఒక భాగంలో ఆ మరమనిషి వందేళ్ళ తరవాత భూమికి తిరిగొచ్చి తన ఇంటి తలుపు కొడతాడు. అది ప్రసారమైన మధ్యాహ్నం ముదినేపల్లిలో అమ్మమ్మ ఇంట్లో అందరం టీవీ ముందు చేరాం. కొల్లేరులో పడవ తిరగబడి తాతయ్య పోయేటప్పటికి మావయ్యకి ఏడాది కూడా నిండలేదు, అది మా ఇంట్లో ఎవరూ ఎత్తే మాట కాదు.

“ఏమేవ్, తలుపు తియ్యి. కాళ్ళు తడిసిపోయాయి” అంది టీవీలో గొంతు. మేం నవ్వాం. అమ్మమ్మ మాత్రం మినపప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని వెళ్ళి వీధి తలుపు తీసి, ఎండలో ఎవరూ లేని వాకిట్లోకి చూస్తూ, “ఇంత ఆలస్యమైందేవండీ” అంది.

నేను రాసింది తలుపు తియ్యమన్నంత వరకే. ఏదో పాత నాటకంలో మొగుణ్ణి వెక్కిరిద్దామనుకున్నాననీ, కాళ్ళ మాట నోటికెలా వచ్చిందో తెలియదనీ మావయ్య ఆ తరవాత నాతో అన్నాడు. తండ్రి గొంతు ఎలా ఉంటుందో కూడా ఎరగడు తను.

మర్నాడు అమ్మమ్మ ఆ భాగం మళ్ళీ వేయించమంది. ఆ టేపు మీద అప్పటికే వేరే కార్యక్రమం ఎక్కించేశారట. పోనీ ఆ గొంతు నేనే చేసి వినిపిస్తానని మావయ్య అమ్మమ్మ దగ్గరికి జరిగితే, ఆవిడ అతని చెయ్యి పట్టుకుని, “వద్దు నాన్నా. నువ్వు చేస్తే నువ్వే కనిపిస్తావు” అంది. మావయ్య మిమిక్రీ మానేశాడు. నేను బడిలో పంతులమ్మనయ్యాను. ఉన్నన్నాళ్ళూ అమ్మమ్మ మధ్యాహ్నం పూట వీధి తలుపుకి గడియ వేయనివ్వలేదు.

ఇప్పుడు ఏ గొంతూ పోదు. పోయినవాళ్ళ చేత కూడా యంత్రాలు కొత్త మాటలు పలికిస్తున్నాయట. వింటున్నాం, భలే ఉందనుకుంటున్నాం, ఇంకోటి పెట్టుకుంటున్నాం. ఒక్క మాట విని లేచి నిలబడేంతగా ఎవరినైనా మనలో దాచుకున్నామా అని మాత్రం నాకు ఈ మధ్య అనుమానం వస్తోంది.