దారి తెలిసిన డెల్బర్ట్

డెల్బర్ట్ క్రోగ్‌కు దారి అడిగే జబ్బు ఉంది. తప్పిపోయినవాడు అడిగితే దాన్ని జబ్బనరు. కానీ డెల్బర్ట్ నెబ్రాస్కా పల్లెల్లో ముప్ఫయ్యొక్కేళ్లు ఉత్తరాలు పంచిన మనిషి. ఏ మట్టిరోడ్డు ఎవరి పొలంలో ఆగిపోతుందో, ఏ ఇంటి కుక్క ఏ కాలు పట్టుకుంటుందో అతనికి తెలుసు. అయినా ఏదో ఒక ఇంటి ముందు బండి ఆపి, తలుపు తట్టి, టోపీ తీసి, "ఆలయన్స్‌కి ఎలా వెళ్లాలండీ?" అంటాడు.

ఆ జూలైలో పక్కసీట్లో కూర్చుని ఇదంతా భరించింది అతని చెల్లెలు ఆర్డిస్. ఫిబ్రవరిలో ఆమె భర్త వాల్ట్ పోయాడు. ఆదివారం ఆలయన్స్ ఊళ్లో ఆమె మనవడి బాప్తిస్మం. అన్న పాత ఆర్‌వీలో బయల్దేరారు. మంచం, పొయ్యి, బాత్‌రూమ్ అన్నీ ఉన్న ఆ బండికి పరుగొక్కటే లేదు. బయట చూద్దామంటే దిగులు. మే నుంచి చినుకు పడలేదు. మొక్కజొన్న ఆకులు చుట్టల్లా చుట్టుకుపోయాయి. మైలుకో వేలం బోర్డు. ఒక ఊళ్లో బడి మూసేశారు, ఇంకో ఊళ్లో ఊరే మూసేసినట్టుంది.

ఒక్కరోజు ప్రయాణం మూడో రోజుకు వచ్చింది. ఒక ముసలి రైతు వరండాలోంచి దారి చెప్పాడు.

"లూథరన్ చర్చి దగ్గర ఎడమకు తిరగండి."

"పెద్ద చర్చేనా?" అన్నాడు డెల్బర్ట్.

"ఇప్పుడు లేదుగా. సుడిగాలికి పోయింది. తర్వాత స్టుల్కెన్ వాళ్ల పశువుల పాక."

"అదైనా ఉందా?" బండిలోంచి అరిచింది ఆర్డిస్.

"వాళ్లు అమ్ముకుని పోయారమ్మా. కొన్నాయన పడగొట్టించాడు. అక్కడ కుడికి."

డెల్బర్ట్ అంతా శ్రద్ధగా రాసుకుని వచ్చాడు.

"లేని చర్చి దగ్గర ఎడమకీ, లేని పాక దగ్గర కుడికీ తిరిగితే ఎక్కడ తేలతాం అన్నయ్యా?"

"మనమెందుకు తిరుగుతాం? హైవే మీదే పోదాం."

"మరి అడగడం దేనికి?"

"ఆయనకి ఎంత బాగా తెలుసో చూశావా!"

శనివారం మధ్యాహ్నానికి పదకొండు ఇళ్లయ్యాయి. పన్నెండో ఇంటి ముందు బండి ఆగేసరికి ఆర్డిస్‌కు ఒళ్లు మండింది. "రేపు బాప్తిస్మం! వాడు పెద్దాడై నీళ్లు తనే పోసుకునేదాకా నువ్వు దారడుగుతూనే ఉంటావు!"

డెల్బర్ట్ అప్పటికే దిగిపోయాడు. గేటుకు బోర్డు వేలాడుతోంది: సోమవారం, అరవై పాడిఆవులు వేలం. పోస్టుపెట్టె మీద పేరు లోవెల్ వాసెక్. కిటికీలన్నిటికీ కర్టెన్లు. చాలాసేపు తట్టాక జాలీ తలుపు వెనక ఒక మనిషి నిలబడ్డాడు. గడ్డం మాసింది. తలుపు తీయలేదు.

"ఏం కావాలి?" గొంతు బొంగురుపోయింది.

"ఆలయన్స్‌కి దారండీ."

"రోడ్డు మీద బోర్డుంది."

"బోర్డుల్ని నమ్మనండీ."

లోవెల్ జాలీకి దగ్గరగా వచ్చాడు. "ఎటునుంచి వచ్చారు?"

డెల్బర్ట్ చెప్పాడు. లోవెల్ ముఖం చిట్లించాడు. "అటునుంచా? మీకు మతి ఉందా?" తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. "పడమటికి పోయి, రెండో వంతెన దగ్గర ఎడమకు."

"అంటే కుడికి."

"ఎడమకి!"

"వంతెన దాటకముందే కదా?"

"దాటాకయ్యా! చెప్తుంటే వినవేంటి?"

అరగంటకు లోవెల్ మెట్ల మీద కూర్చుని పుల్లతో దుమ్ములో మ్యాపు గీస్తున్నాడు. ఆర్డిస్ బండిలో కాఫీ కాచి, హామ్ శాండ్‌విచ్‌లు తెచ్చింది. అతను రెండు గబగబా తిన్నాడు, మూడోదాని కోసం చెయ్యి చాచి సిగ్గుపడ్డాడు. మంగళవారం నుంచి మనిషితో మాట్లాడలేదన్నాడు. ఆవులన్నిటికీ పేర్లున్నాయన్నాడు. సోమవారం ఎలా గడుస్తుందో తెలియడం లేదంటూ పుల్ల విరిచేశాడు.

డెల్బర్ట్ బుర్ర గోక్కున్నాడు. "సోమవారమే మేం వెనక్కి రావాలి. వచ్చిన దారి గుర్తుండి చావదు. పొద్దున్నే ఇక్కడికొచ్చి అడిగితే చెప్తారా? రోజంతా పట్టినా పర్లేదు."

లోవెల్ తల వంచుకుని మ్యాపు వంక చూశాడు. "రండి" అన్నాడు. తర్వాత లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నీలాంటివాణ్ని ఒంటరిగా వదిలితే కెనడాలో తేలతావు. నా వెనకే రా. వంతెనల దాకా నేనే వస్తా."

లోవెల్ ట్రక్కు వెనక దుమ్ములో పోతుండగా ఆర్డిస్ అడిగింది. "ఇళ్లను ఎలా ఎంచుకుంటున్నావు?"

"పోస్టుపెట్టెలు చూసి. మూడు రోజుల పేపర్లు తీయకుండా ఉన్నాయంటే లోపల ఎవరో బాగాలేరు. బాగున్నారా అంటే బాగున్నామని తలుపేసుకుంటారు. దారి అడిగితే మాత్రం వేసుకోలేరు."

ఆర్డిస్ ఎండిన చేల వంక చూస్తూ కూర్చుంది. పోయిన వారం, కర్టెన్లు దించుకుని కూర్చున్న తన ఇంటి తలుపు కూడా ఈ మనిషే తట్టాడు. ఆలయన్స్‌కి దారి తెలియడం లేదే, వచ్చి చూపించు అన్నాడు. తను విసుక్కుంటూనే పెట్టె సర్దుకుంది.

"అన్నయ్యా, నాకు దారి తెలుసని ఎలా అనుకున్నావు?"

"నీకా? నువ్వు మ్యాపు తలకిందులుగా పట్టుకుంటావు."

ఆర్డిస్ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ముందున్న ట్రక్కు మలుపు తీసుకుంది.

"అదిగో, ఎడమకి తిరిగాడు, చూసుకో!"

"ఏదీ? ఎటు?" అన్నాడు డెల్బర్ట్.