తేనెపిట్ట పాట

పటమటలో ఆ వీధివాళ్లకి తెరేసమ్మ అంటే పాటే. పప్పు రుబ్బుతున్నా, చేపలు తోముతున్నా ఆమె గొంతులో ఏదో ఒక కీర్తన ఆడుతూనే ఉంటుంది. "ఎంత సంతోషంగా ఉండే మనిషండీ!" అని పక్కింటి ఎలిజబెత్ మురిసిపోతుంది. వరండాలో పడకకుర్చీలో ట్రాన్సిస్టర్ వింటూ కూర్చునే మొగుడు కృపానందానికి మాత్రం ఆ పాట మరొకందుకు కావాలి. పాట వినబడుతుంటే పెళ్లాం ఇంట్లో ఉన్నట్టు. ఆగిందా, "ఏమే, ఎక్కడున్నావ్?" అని కేక పడుతుంది. ఒకసారి గోడ దగ్గర ఎలిజబెత్‌తో మాటల్లో పడి పాట మరిచిపోయినందుకు, ఆ ఆదివారం చర్చికి కూడా పంపలేదు. అప్పటినుంచి తెరేసమ్మ దగ్గొచ్చినా రాగంలో కలిపేస్తుంది.

ఆ ఉదయం పెరట్లో కట్టెల పాక వైపునుంచి చిక్‌చిక్‌మని సన్నటి కూత మొదలైంది. "తేనెపిట్ట కాబోలు, భలే పాడుతోందే!" అన్నాడు కృపానందం. తెరేసమ్మ పాడుకుంటూనే వెళ్లి చూసింది. పిట్ట లేదు. ఎలుకలకి పెట్టిన బోనులో ఉడుత పడి ఉంది. కూసినప్పుడల్లా దాని ఒళ్లంతా అదిరిపోతోంది. రెక్కలున్న పిట్టకీ దీనికీ గొంతులో ఇంత పోలికా అనుకుంటూ ఆమె బోను తలుపు ఎత్తింది. ఉడుత గోడెక్కి, కొబ్బరిచెట్టు మీదికి పాకిపోయింది. మళ్లీ నోరు విప్పలేదు.

"పిట్ట ఎగిరిపోయిందా?"

"పిట్ట కాదండీ, ఉడుత. బోనులో పడి అరిచింది."

"అరుపా! అచ్చం పాటలాగే ఉందే," అని నవ్వాడు కృపానందం. నవ్వడం అయ్యాక, "పాడవేం?" అన్నాడు.

ఖాళీ బోను చేతిలో ఉండగానే తెరేసమ్మ కీర్తన ఎత్తుకుంది. గోడవతల ఎలిజబెత్ ఎప్పటిలాగే మురిసిపోయింది.